నడివయసులో కప్పులేని కారు: గ్యారేజీలో పడుకోబెట్టేది కాక, నడుపుకునేది ఎంచుకోవడం ఎలా

మా చిన్నదాన్ని ఆస్టిన్‌లో కాలేజీ హాస్టల్లో దింపి వచ్చిన రెండో వారం. టెక్సస్‌లో డాలస్ పక్కనున్న ప్లేనోలో ప్రెస్టన్ రోడ్ మీద సిగ్నల్ దగ్గర ఆగాను. పక్క లేన్‌లో నీలంరంగు రెండు సీట్ల కారు, టాప్ తీసేసి ఉంది. నడుపుతున్నావిడకు డెబ్బై ఏళ్లు దాటి ఉంటాయి. తలకు స్కార్ఫ్ కట్టుకుంది. పక్క సీట్లో కూరగాయల సంచి, అందులోంచి ఏదో ఆకుకూర బయటికి వేలాడుతోంది. గ్రీన్ పడగానే గేరు మార్చి వెళ్లిపోయింది. ఏడు సీట్ల వ్యానులో నేనొక్కదాన్నే కూర్చుని ఉన్నాను. వెనక నుంచి హారన్ కొడితేగానీ కదల్లేదు.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన నవ్వాడు. "మిడ్‌లైఫ్ క్రైసిస్ మగాళ్లకే వస్తుందనుకున్నానే" అన్నాడు. ఇలియట్ జాక్స్ అనే కెనడా సైకోఅనలిస్టు 1965లో రాసిన వ్యాసంతో ఆ మాట వాడుకలోకి వచ్చింది. ఆయన రాసింది కార్ల గురించి కాదు, చావనేది తనకూ ఉందని మనిషికి నిజంగా తెలిసొచ్చే వయసు గురించి. నడివయసులో ఎర్ర స్పోర్ట్స్ కారు కొనడమనే ముచ్చటను దానికి తర్వాత ఎవరో తగిలించారు. నాకైతే అప్పుడు చావు గుర్తుకు రాలేదు, గాలి గుర్తొచ్చింది.

ఆ తర్వాత ఏడు నెలలు వెతికి, పదకొండు కార్లు నడిపి చూసి, ఒకటి కొన్నాను. ఆ తిరుగుడులో నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. మొత్తానికీ నేను వాడిన కొలబద్ద ఒక్కటే: మంగళవారం సాయంత్రం పాలు తేవడానికి ఈ కారు బయటికి తీస్తానా? తీయను అనిపిస్తే అది ఎంత అందమైనదైనా నాకు పనికిరాదు. ఎవరి గ్యారేజీలో చూసినా కవరు కప్పుకుని, బ్యాటరీ దిగిపోయి పడున్న కన్వర్టిబుళ్లే (కప్పు తీసి నడుపుకునే కార్లే) ఎక్కువ. వాటిని కొన్నవాళ్లంతా ఫొటో చూసి కొన్నవాళ్లే.

1. మీకు కావలసింది గాలా, వేగమా, నలుగురూ చూడటమా

ఈ మూడూ వేరువేరు కోరికలు, మూడింటికీ వేరువేరు కార్లు. సిగ్గుపడకుండా ముందు మీతో మీరే ఒప్పుకోండి. నలుగురూ చూడాలనుకోవడం తప్పేమీ కాదు, కాకపోతే దానికి డబ్బు ఎక్కువవుతుంది, మోజు త్వరగా తీరుతుంది.

నా సంగతి చెబుతాను. చిన్నప్పుడు గుంటూరులో మా నాన్న బజాజ్ చేతక్ మీద ముందు నిలబడి, హ్యాండిల్ మధ్యలో పట్టుకుని, బ్రాడీపేట నుంచి అరండల్‌పేట దాకా వెళ్లేదాన్ని. ఆ స్కూటరు నలభైకి మించి వెళ్లేది కాదు. వేయించిన వేరుశనక్కాయల వాసన, డ్రైనేజీ వాసన, వాన పడబోయే ముందు మట్టి వాసన, అన్నీ ముఖాన కొట్టేవి. నాకు కావలసింది అదేనని తెలిశాక నాలుగువందల హార్స్‌పవర్ కార్లన్నీ నా లిస్టులోంచి వాటంతటవే రాలిపోయాయి. ముప్పై మైళ్ల వేగంలో సరదాగా ఉండే కారు కావాలి. తొంభై దాటితేగానీ సరదా పుట్టని కారుతో టెక్సస్‌లో టికెట్లు తప్ప మిగిలేదేమీ ఉండదు.

ఇంకా తేలకపోతే శని, ఆదివారాలకు ఒక కన్వర్టిబుల్ అద్దెకు తీసుకోండి. సముద్రం ఒడ్డుకు వేసుకెళ్లకండి, అక్కడ ఎడ్లబండి కూడా బాగుంటుంది. ఇండియన్ స్టోర్‌కి వెళ్లండి, పది కిలోల బియ్యం బస్తా ఎక్కడ పడుతుందో చూడండి. ఆఫీసు టైములో ట్రాఫిక్‌లో ఇరుక్కోండి. అప్పటికీ ముఖం మీద నవ్వు ఉంటే ముందుకు వెళ్లొచ్చు.

2. ఒళ్లు, ఇల్లు, ఊరు

నలభై ఐదు దాటాక నడుము చెప్పేదే చట్టం. రెండు సీట్ల కార్లు నేలకు బాగా దగ్గరగా ఉంటాయి, కూర్చోవడం సుఖమే, లేవడమే పరీక్ష. షోరూమ్‌లో ఒకసారి ఎక్కి దిగితే తెలియదు, వరసగా ఐదుసార్లు ఎక్కి దిగండి. మా అమ్మ గుంటూరు నుంచి వచ్చినప్పుడు ముచ్చటపడి ఎక్కింది. ఇల్లు చేరాక, "ఈ తొట్టిలోంచి ఇప్పుడు నన్ను ఎవరు లేపుతారే?" అని కూర్చుంది. ఇద్దరం చెరో చెయ్యీ పట్టి లాగాం.

నాలుగు సీట్లుంటే అందరికీ పనికొస్తుందనేది సగం భ్రమ. మడతపడే కప్పుకు చోటివ్వడం కోసం వెనక సీటును నిటారుగా, ఇరుకుగా చేస్తారు. పదేళ్ల పిల్లలకు సరే, మామగారికి కాదు. పైగా టాప్ తీస్తే గాలంతా వెనకవాళ్ల మొహానే కొడుతుంది. ఇంట్లో మరో మామూలు కారు ఉంటే రెండు సీట్లదే కొనుక్కోండి. ఉన్నది ఒక్కటే కారైతే నాలుగు సీట్లు తప్పదు.

ఇక ఊరు. డాలస్‌లో జులై, ఆగస్టు నెలల్లో మధ్యాహ్నం తరచూ వంద ఫారెన్‌హీట్ దాటుతుంది, టాప్ తీస్తే అప్పడం కాల్చుకోవచ్చు. ఇక్కడ కన్వర్టిబుల్ సీజన్ అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా. వేసవిలో పొద్దున్నే ఎనిమిదిలోపు, లేదంటే పొద్దుగూకాక. నార్త్ టెక్సస్‌లో వసంతకాలమంటే వడగళ్లు కూడా. కవర్డ్ పార్కింగ్ లేనివాళ్లు ఈ వ్యాసం ఇక్కడితో ఆపేయడం మంచిది. నిజంగానే అంటున్నాను.

3. కప్పు ఏ రకం

బట్టది, అంటే సాఫ్ట్ టాప్, తేలిక. చెడిపోయే భాగాలు తక్కువ, చెడినా బాగుచేయడం చవక. పాతవాటిలో వినైల్ వాడేవారు, మంచి కార్లలో క్యాన్వాస్ లాంటి గుడ్డ. పెద్ద వడగళ్లకు చిరగొచ్చు, కత్తితో కోసేవాళ్లూ ఉంటారు. అందుకే పాత కన్వర్టిబుల్ ఓనర్లు తలుపు లాక్ చేయకుండా, లోపల ఏమీ ఉంచకుండా వదిలేస్తుంటారు.

మడతపడే గట్టి కప్పు మూసి ఉన్నప్పుడు మామూలు కారులాగే నిశ్శబ్దంగా, వెచ్చగా ఉంటుంది. బరువెక్కువ, మోటార్లెక్కువ. చాలా కార్లలో అది మడతపడి డిక్కీనంతా మింగేస్తుంది. 2009 నుంచి 2016 దాకా వచ్చిన బీఎండబ్ల్యూ జెడ్-4లో టాప్ తీస్తే మిగిలేది ఒక చిన్న సంచికి చోటు.

సేఫ్టీ గురించి ఇంట్లో తప్పకుండా అడుగుతారు. అమెరికాలో ఇన్సూరెన్స్ కంపెనీల తరఫున పనిచేసే ఐఐహెచ్‌ఎస్ 2020లో లెక్కలు తీసి చూసింది. కొత్త తరం కన్వర్టిబుళ్లు వాటి మామూలు రూపాల కంటే ప్రమాదకరమేమీ కాదని తేలింది. కప్పులేనివాళ్లు కాస్త నెమ్మదిగా నడుపుతారేమో! మా ఇంట్లో అసలు పరీక్ష మాత్రం చీపురు కర్రతో జరిగింది. ముందు అద్దం పైఅంచు మీద ఒక కొన, సీట్ల వెనక, కారు తలకిందులైతే తలలను కాపాడే కమ్మీ (రోల్ హూప్) మీద ఇంకో కొన పెట్టి పట్టుకుని, మా ఆయన్ని కూర్చోబెట్టాను. తల కర్రకు కిందే ఉండాలి. ఒక కారులో కర్ర ఆయన నుదుటికి తగిలింది. అమ్మే అబ్బాయి మమ్మల్ని పిచ్చివాళ్లలా చూశాడు. ఆ కారు వదిలేశాం.

4. ఏ కారు

నా పక్షపాతం ముందే చెప్పేస్తాను: నడివయసు సరదాకు మాజ్డా మియాటా, అంటే ఎమ్మెక్స్-5, తర్వాతే మిగతావన్నీ. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో తొలిసారి చూపించారు, 2016 ఏప్రిల్‌కి పది లక్షలు తయారయ్యాయి. రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైంది ఇదే. గుర్రమూ రౌతూ ఒకటే అయిపోవడమనే అర్థంలో జపనీస్‌లో 'జింబా ఇట్టాయ్' అనే మాటను పట్టుకుని దీన్ని రూపొందించారు. పటాటోపం అనుకున్నాను, మొదటి మలుపు తిరిగేదాకా.

నాలుగు తరాలున్నాయి. ఎన్‌ఏ, 1997 దాకా వచ్చినది: హెడ్‌లైట్లు కళ్లు తెరిచినట్టు పైకి లేస్తాయి. బొమ్మలా ఉంటుంది, కానీ వయసు ముప్పైకి అటూ ఇటూ, వెనక కిటికీ ప్లాస్టిక్కు. మెకానిక్ పనంటే ఇష్టం ఉన్నవాళ్లకే. ఎన్‌బీ, 2005 దాకా: వెనక గాజు వచ్చింది, హెడ్‌లైట్ల ముచ్చట పోయింది. చవకగా దొరికేవి ఇవే. ఎన్‌సీ, 2006 నుంచి 2015 దాకా: కాస్త పెద్దది, పొడుగు మనుషులకు నయం. ఎన్‌డీ, 2016 నుంచి ఇప్పటిదాకా: మళ్లీ బరువు తగ్గించారు, సుమారు 1,060 కిలోలే. 2019లో ఇంజన్ 155 నుంచి 181 హార్స్‌పవర్‌కు పెరిగింది, స్టీరింగ్‌ను ముందుకూ వెనక్కూ జరుపుకునే వీలూ అప్పుడే వచ్చింది. 2016, 2017 కార్లలో మాన్యువల్ గేర్‌బాక్సులు దెబ్బతిన్న సందర్భాలున్నాయి. అందుకని బడ్జెట్ ఉంటే 2019, ఆ తర్వాతదే చూడండి.

నేను కొన్నది 2013 ఎన్‌సీ, గట్టి కప్పుది. వడగళ్ల ఊరికి గట్టి కప్పు కావాలి, డిక్కీ మాత్రం పోకూడదు. రెండూ కుదిరింది ఇందులోనే. దీని కప్పు సీట్ల వెనకే మడతపడుతుంది, డిక్కీ జోలికి రాదు. నడినెత్తి మీదున్న లాచ్ తిప్పి బటన్ నొక్కితే పన్నెండు సెకన్లు. సిగ్నల్ దగ్గర తెరవడానికి చాలు, గొప్పలకు పోవడానికి చాలదు.

మిగతావి గబగబా. ఫోర్డ్ మస్టాంగ్: నాలుగు సీట్లు, పెద్ద డిక్కీ, అమెరికా రోడ్డు మీద హుందాగా ఉంటుంది. ఇరుకు సందుల్లో మాత్రం గేదెను తోలినట్టే. 2005 నుంచి 2014 దాకా వచ్చినవి టకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగ్ రీకాల్ (లోపమున్న భాగాన్ని ఉచితంగా మార్చివ్వడం) కిందికి వస్తాయి, మార్చారో లేదో చూసుకోండి. మినీ కూపర్: నాలుగు సీట్ల సరదా, కప్పును సన్‌రూఫ్‌లా సగం కూడా తెరవొచ్చు. వారంటీ అయిపోయినది కొంటే రిపేర్లకు డబ్బు పక్కన పెట్టుకోవాలి. హోండా ఎస్2000: మొదట్లో వచ్చినవాటిలో 9,000 ఆర్‌పీఎమ్ దాకా అరిచే ఇంజన్. 2009లో ఆపేశారు, ఇప్పుడు దాచుకునేవాళ్ల చేతిలో పడి ధరలు ఆకాశంలో ఉన్నాయి. అంత ధరపెట్టి కొన్నది పాలకు తీసుకెళ్లలేం.

పోర్షే బాక్‌స్టర్ విషయంలో మాత్రం కాస్త ఆగాలి, ఎందుకంటే నేను మునగబోయింది అందులోనే. 2003ది, వెండిరంగు, తోలు సీట్లు. ధర చూస్తే పోర్షే ఇంత చవకా అనిపించింది. అంత చవక ఎందుకో మెకానిక్ చెప్పాడు. ఆ ఏళ్ల ఇంజన్లలో ఐఎంఎస్ అనే షాఫ్టు చివర ఒక బేరింగ్ ఉంటుంది, అది విరిగితే ఇంజన్ మొత్తం పోతుంది. క్లచ్ మార్చేటప్పుడు ఎలాగూ గేర్‌బాక్సు దించుతారు గనక అప్పుడే ఆ బేరింగూ మార్పించుకోవాలి. ఈ కారుకు మార్చినట్టు ఒక్క బిల్లూ లేదు. 2006 నుంచి 2008 దాకా వాటిలో బేరింగ్ పెద్దదే గానీ, మార్చాలంటే ఇంజన్ విప్పాల్సిందే. 2009 మోడల్ నుంచి ఆ షాఫ్టే తీసేశారు. బాక్‌స్టరే కావాలంటే 2009 లేక ఆ తర్వాతది, సర్వీసు బిల్లుల దొంతరతో సహా కొనండి. ముందొకటి వెనకొకటి రెండు డిక్కీలుంటాయి, ఊరి ప్రయాణాలకు భలే పనికొస్తుంది.

హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడు, "అక్కా, నువ్వు వాడాక నాకు పంపించెయ్" అంటుంటాడు. కుదరదు. ఎడమవైపు స్టీరింగ్ ఉన్న పాత కారును ఇండియాలోకి రానివ్వరు. అక్కడ కొత్త కన్వర్టిబుళ్లన్నీ లగ్జరీ కంపెనీలవే. వాడికి నేను చెప్పింది, 2020లో వచ్చిన మహీంద్రా థార్‌లో సాఫ్ట్ టాప్ రకం సెకండ్‌హ్యాండ్‌ది చూసుకోమని. గాలికి ధర అంతకన్నా పెట్టక్కర్లేదు.

5. గేర్లు

మాన్యువల్. అంబాసిడర్ మీదో మారుతి 800 మీదో నేర్చుకున్న కాళ్లు ఇరవై ఏళ్లయినా మరిచిపోవు. మొదటి రోజు మూడుసార్లు ఆగిపోయింది, నాలుగో రోజుకి మా నాన్న గొంతు వినపడటం కూడా మానేసింది. ఎడమ మోకాలు నొప్పి ఉన్నవాళ్లు, రోజూ ట్రాఫిక్‌లో వెళ్లేవాళ్లు ఆటోమేటిక్ తీసుకోండి, ఎవరేమన్నా పట్టించుకోకండి.

6. డబ్బు

చేతిలో ఉన్నదంతా కారుకే పెట్టకండి. ఐదో వంతు పక్కన ఉంచండి, మొదటి ఏడాదిలోనే అది అవసరం పడుతుంది. టెక్సస్‌లో కారు కొంటే 6.25 శాతం సేల్స్ టాక్స్. పరిచయస్తుల దగ్గర కొని ధర తక్కువ రాసుకుందామంటే కుదరదు. మామూలు మనుషుల దగ్గర కొన్నా, రాష్ట్రం లెక్కగట్టిన విలువలో 80 శాతానికి తగ్గితే ఆ 80 శాతం మీదే టాక్స్ వేస్తారు. ఇన్సూరెన్స్ కొటేషన్ ముందే తెప్పించుకోండి, వడగళ్ల కోసం కాంప్రిహెన్సివ్ (గుద్దుకోవడం కాక మిగతా నష్టాలకు ఇచ్చే బీమా) తప్పనిసరి. పిల్లల ట్యూషన్ ఫీజు, ఇంటి అప్పు ఉన్న వయసులో దీనికి మళ్లీ లోన్ తీసుకుంటే ప్రతి నెలా ఈఎంఐ కట్టేటప్పుడు ఆ కారు మీద కోపమొస్తుంది. నగదుకు వచ్చేదే కొనండి.

7. చూడటం, నడపటం, ముక్కుతో వాసన పట్టడం

కన్వర్టిబుల్‌కు శత్రువు మైలేజీ కాదు, నీళ్లు. అందుకే తలుపు తీయగానే ముందు వాసన చూడండి. పాత తుండుగుడ్డ వాసన వస్తే లోపల నీళ్లు చేరుతున్నాయన్నమాట. ఘాటైన ఎయిర్ ఫ్రెష్‌నర్ వాసన వస్తే ఇంకా ఎక్కువ అనుమానించండి. సీట్లు ముందుకు జరిపి వెనకున్న కార్పెట్‌ను అరచేత్తో గట్టిగా నొక్కండి. కప్పు మీద పడిన నీళ్లు సీట్ల వెనక మూలల్లోని సన్నని గొట్టాల గుండా కారు కిందికి పోవాలి. ఆకులు, దుమ్ము చేరి అవి మూసుకుంటే నీళ్లు లోపలికే వస్తాయి, మియాటాల్లో తలుపు కింది రేకు లోపల్నుంచే తుప్పు పడుతుంది. నేను పెద్ద సీసాతో నీళ్లు తీసుకెళ్లి, అడిగి, ఆ మూలల్లో పోశాను. ఒక కారులో పోసినవి పోసినట్టే నిలబడ్డాయి. నేను కొన్నదాంట్లో చక్రం ముందు రోడ్డు మీద బొటబొటా కారాయి. ఆ చప్పుడు విన్నప్పుడే సగం మనసు ఇచ్చేశాను.

మొదటి తరం బీఎండబ్ల్యూ జెడ్-4లో కప్పు తిప్పే మోటారు సరిగ్గా నీళ్లు నిలిచే పల్లంలోనే ఉంటుంది. గొట్టం మూసుకుంటే మోటారు మునుగుతుంది. పనిచేస్తోందని ఒకసారి చూపిస్తే నమ్మకండి. ఏ కారైనా సరే, కప్పు మూడుసార్లు తెరిచి మూయించండి. మధ్యలో తడబడిందా, ఒకవైపు వెనకబడిందా చూడండి.

నడిపేటప్పుడు ముందు కప్పు మూసి, తర్వాత తీసి, అదే గతుకుల రోడ్డు మీద వెళ్లండి. టాప్ తీశాక లోపలి అద్దం వణికితే, స్టీరింగ్ చేతిలో ఊగితే బాడీ గట్టిదనం తక్కువన్నమాట. కొంచెం ప్రతి కన్వర్టిబుల్లోనూ ఉంటుంది. మామూలు సెడాన్‌తో పోల్చకండి, మరో కన్వర్టిబుల్‌తో పోల్చండి.

టైర్ల దగ్గర నేను బోల్తా పడ్డాను. గాట్లు నిండుగా ఉన్నాయని మురిసిపోయాను. డీలరు కూడా "టైర్లు దాదాపు కొత్తవండీ" అన్నాడు. కొన్న నెలకి వాన తడిలో వెనక చక్రాలు జర్రున జారాయి. అప్పుడు టైరు పక్కన చూస్తే, డీఓటీ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే వరస చివర నాలుగంకెలు: 3412. అంటే 2012లో 34వ వారం. కారుతో పాటు పుట్టిన టైర్లు, నడపక గట్టిపడిపోయాయి. నాలుగూ మార్చాల్సి వచ్చింది. తక్కువ తిరిగిన కారని సంబరపడే ముందు ఆ నాలుగంకెలు చదవండి, ఆరేళ్లు దాటితే ధరలో తగ్గించమనండి.

విన్ నంబరుతో (కారు గుర్తింపు సంఖ్య) రోడ్డు భద్రత చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో రీకాల్స్ ఉచితంగా తెలుస్తాయి. టైటిల్ (కారు ఎవరిదో చెప్పే పత్రం) మీద సాల్వేజ్ (బాగా దెబ్బతిన్నది), ఫ్లడ్ (వరదలో మునిగినది) అనే మాటలుంటే తిరిగి చూడకుండా వచ్చేయండి, 2017లో హార్వీ తుపానుకు హ్యూస్టన్‌లో మునిగిన కార్ల కథలు ఇక్కడ అందరికీ తెలుసు. ఆఖరున, మీకు సంబంధంలేని మెకానిక్‌తో, ఆ బ్రాండు బాగా తెలిసినవాడితో, కారు పైకెత్తించి చూపించండి. అమ్మేవాళ్లు దానికి ఒప్పుకోకపోతే అదే జవాబు.

8. కాగితాలు

2025 జనవరి నుంచి టెక్సస్‌లో సొంత కార్లకు సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ లేదు, ప్లేనో ఉన్న కాలిన్ కౌంటీతో సహా కొన్ని కౌంటీల్లో ఎమిషన్స్ (పొగ) పరీక్ష మాత్రం ఉంది. అంటే బ్రేకులు, లైట్లు ఇకమీదట మీరే చూసుకోవాలి. మనిషి దగ్గర కొంటే సంతకం చేసిన టైటిల్, దాన్ని మీ పేరుకు మార్చే దరఖాస్తు 130-యూ ఫారం తీసుకుని అమ్మినవాళ్లతో కలిసే కౌంటీ టాక్స్ ఆఫీసుకు వెళ్లండి. టైటిల్ మార్చుకోవడానికి 30 రోజులే గడువు.

9. తెచ్చుకున్నాక

తడిసిన గుడ్డ కప్పును మడవకండి, బూజు పడుతుంది. బ్రష్షులు తిరిగే కార్‌వాష్‌కి తీసుకెళ్లకండి. నీళ్ల గొట్టాలను ఏడాదికి రెండుసార్లు, గడ్డి కోసే ట్రిమ్మర్‌లో వాడే నైలాన్ తీగతో మెల్లగా పొడిచి శుభ్రం చేసుకోండి. ఇనప తీగ వద్దు, గొట్టం చిరుగుతుంది.

హైవే మీద టాప్ తీసి గంటల కొద్దీ వెళితే చెవులకు మంచిది కాదు, ఆ హోరు 85 డెసిబెల్స్ దాటొచ్చు. దూరమైతే ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోండి. సన్‌స్క్రీన్ ముఖానికే కాదు, చెవుల పైనా, మెడ వెనకా. జుట్టు వదిలేసి వెళ్లడం సినిమాల్లోనే బాగుంటుంది. నేను బిగించి జడ వేసుకుని, దాన్ని జాకెట్ లోపలికి తోసేస్తాను. చీరలో వెళితే కొంగు నడుముకు దోపి, సీట్ బెల్టు కింద పెట్టుకోవాలి. ఉగాదినాడు గుడికి వెళుతూ ఇది మరిచిపోయాను. టోల్‌వే మీద కొంగు నా ముఖానికీ మా ఆయన ముఖానికీ కలిపి చుట్టుకుంది, బతికి బయటపడ్డాం.

దూరం వెళ్లాలనిపిస్తే హిల్ కంట్రీలో లేకీ ఊరి దగ్గర 335, 336, 337 ర్యాంచ్ రోడ్లున్నాయి, ట్విస్టెడ్ సిస్టర్స్ అంటారు. మార్చి చివర్లో, ఏప్రిల్ మొదట్లో ఫ్రెడరిక్స్‌బర్గ్ పక్కన విల్లో సిటీ లూప్‌లో బ్లూబానెట్ పూలు. డాలస్ నుంచి ఈశాన్యానికైతే ఓక్లహోమా, ఆర్కాన్సాల మధ్య 54 మైళ్ల టాలిమేనా సీనిక్ డ్రైవ్. ఇవన్నీ ఏడాదికోసారి. మిగతా రోజుల్లో మా ఇంటినుంచి పాల దుకాణం రెండున్నర మైళ్లు, నేను ఆరు మైళ్ల దారిలో వెళతాను. పక్క సీట్లో పాల క్యాన్‌కి సీట్ బెల్టు పెట్టాలి, లేకపోతే బ్రేకు వేసినప్పుడల్లా కిందికి దొర్లుతుంది.